ఐపాడ్ పోయింది... ఆ ప్రశ్న పోలేదు

పోయిన నెల ఒక ఇంజినీరింగ్ కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూల ప్యానెల్‌లో ఒకడిగా వెళ్లాను. ఎదురుగా కూర్చున్న అబ్బాయి రెజ్యూమెలో ‘స్కిల్స్’ కింద పద్నాలుగు పేర్లున్నాయి. లాంగ్వేజీలు, ఫ్రేమ్‌వర్కులు, ఏఐ టూల్స్... వరసగా. వాటిలో ఒక్కటీ అడగలేదు. ‘మీ జేబులో ఫోన్ ఉంది కదా. అందులో గంటసేపు పాటలు విన్నారనుకుందాం. బ్యాటరీ ఎక్కడ ఖర్చవుతుంది?’ అన్నాను. అతను కాసేపు ఆగి, ‘సార్, ఇది సిలబస్‌లో లేదు’ అన్నాడు.

నాకు నవ్వొచ్చిందనుకుంటున్నారేమో. రాలేదు. ఎందుకంటే 2007లో అలాంటి కుర్చీలోనే నేనూ కూర్చున్నాను. దాదాపు అదే ప్రశ్నకు ఇంతకంటే పేలవమైన జవాబు చెప్పాను.

అప్పుడు నాది ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టు పేరు ‘మైక్రోకంట్రోలర్ ఆధారిత ఎంపీ3 ప్లేయర్’. పేరు గొప్పగానే ఉంది కానీ, అది మేం నలుగురం తలా పదిహేను వందలు వేసుకుని అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నది. బోర్డు, కోడ్, స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు, వైవాలో అడిగే ఇరవై ప్రశ్నలూ వాటి జవాబులూ అన్నీ ఒకే కవర్లో పెట్టి ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఆ ఇరవైలో ఒక్కటీ రాలేదు. ప్యానెల్‌లోని పెద్దాయన బ్యాగులోంచి ఒక తెల్లటి పాత ఐపాడ్ తీసి బల్లమీద పెట్టారు. ‘మీరూ ఎంపీ3 ప్లేయరే చేశారు, వీళ్లూ అదే చేశారు. ఇందులో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంది. ఇంత చిన్న బ్యాటరీతో పది గంటలు ఎలా పాడుతుంది?’ అని అడిగారు.

‘మంచి బ్యాటరీ వాడి ఉంటారు సార్’ అన్నాను.

ఆయన ఐపాడ్‌ని బ్యాగులో పెట్టుకున్నారు. నా ఫైలు మూసేశారు.

ఆ జవాబు వెతుక్కుంటూ పోతే తెలిసిన సంగతులే ఈ వ్యాసం. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు పాత పాటల పెట్టె కథ దేనికంటారా? కాస్త ఓపిక పట్టండి.

వెయ్యి పాటల లెక్క

యాపిల్ తొలి ఐపాడ్‌ని 2001 అక్టోబరు 23న ప్రకటించింది. ధర 399 డాలర్లు, నిల్వ 5 జీబీ. జేబులో వెయ్యి పాటలు పెట్టుకోవచ్చన్నది ప్రచారం. మన దగ్గర అసలు ఐపాడ్ కొన్నవాళ్లు తక్కువే. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చైనా ప్లేయర్లనే మేం ‘ఐపాడ్’ అని పిలుచుకునేవాళ్లం.

గమనించండి... ఎంపీ3 ప్లేయర్‌ని కనిపెట్టింది యాపిల్ కాదు. 1998లోనే అవి మార్కెట్లోకి వచ్చాయి. ఐపాడ్ లోపలి ముఖ్యమైన భాగాలూ చాలావరకు బయటివే. 1.8 అంగుళాల బుల్లి హార్డ్‌డిస్క్ తోషిబాది. పాటను విప్పి వినిపించే చిప్ పోర్టల్‌ప్లేయర్ అనే చిన్న కంపెనీది. ఆ చిప్ లోపలి ప్రాసెసర్ కోర్లు ఏఆర్‌ఎం డిజైన్. మరి గొప్పతనం ఎక్కడుంది? భాగాలు కలిపిన తీరులో, వాడేవాడి ఇబ్బందిని అర్థం చేసుకోవడంలో ఉంది.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. హార్డ్‌డిస్క్ అంటే తిరిగే పళ్లెం. తిరిగినంతసేపూ కరెంటు తాగుతుంది. కాబట్టి దాన్ని తిరగనివ్వకూడదు. తిరగకుండా పాట ఎలా వస్తుంది? ఐపాడ్‌లో 32 ఎంబీ మెమరీ ఉంది. డిస్క్ కాసేపు తిరిగి, రాబోయే పాటల్ని ఆ మెమరీలో నింపేసి నిద్రపోతుంది. ఆ తర్వాత పాట మెమరీలోంచే వస్తుంది. ఖాళీ కాబోయే ముందు డిస్క్ మళ్లీ లేస్తుంది.

లెక్క కూడా మీరే వేయొచ్చు. 160 కేబీపీఎస్ పాటంటే సెకనుకి 20 కిలోబైట్లు. నిమిషానికి 1.2 ఎంబీ. నాలుగు నిమిషాల పాట సుమారు 5 ఎంబీ. అందుకే 5 జీబీలో వెయ్యి పాటలు. 32 ఎంబీలో అయితే ఇరవై నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. అంటే ఇరవై నిమిషాల్లో డిస్క్ తిరిగేది కాసేపే. పైగా జాగింగ్ చేస్తూ విన్నా పాట తెగదు. ఇందులో ఇంటర్ స్థాయి దాటిన గణితం ఒక్క ముక్కయినా ఉందా? లేదు. నాకు తెలియనిది గణితం కాదు. నేను ‘చేసిన’ వస్తువు లోపల ఏం జరుగుతోందో ఎప్పుడూ అడగలేదు. అంతే.

హైదరాబాద్‌లో ఒక ముక్క

ఈ కథలో మనవాళ్ల పాత్ర కూడా ఉందని చాలామందికి తెలియదు. ఆ చిప్ చేసిన పోర్టల్‌ప్లేయర్ కంపెనీకి అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లోనూ ఇంజినీరింగ్ కేంద్రం ఉండేది. అమెరికా ఇంజినీర్లతో పాటు ఇక్కడివాళ్లూ ఐపాడ్ మీద పనిచేశారు. మేం అమీర్‌పేటలో ఎంపీ3 ప్లేయర్ కొనుక్కుంటున్న రోజుల్లో, అదే ఊళ్లో కొందరు ప్రపంచమంతా వింటున్న ప్లేయర్‌కి ప్రాణం పోసే పనిలో ఉన్నారన్నమాట! ఆ సంగతి తెలిసిన రోజు నాకు సిగ్గేసింది.

అయితే అసలు పాఠం వాళ్ల విజయంలో కాదు, దెబ్బ తిన్నప్పుడు ఉంది. పోర్టల్‌ప్లేయర్ ఆదాయంలో సింహభాగం ఐపాడ్ చిప్‌ల నుంచే వచ్చేది. 2005లో హార్డ్‌డిస్క్ లేకుండా, ఫ్లాష్ మెమరీతో ఐపాడ్ నానో వచ్చింది. 2006 ఏప్రిల్‌లో, యాపిల్ తన తర్వాతి తరం ఫ్లాష్ ప్లేయర్లకు తమ చిప్‌ని ఎంచుకోలేదని పోర్టల్‌ప్లేయర్ ప్రకటించాల్సి వచ్చింది. షేరు ధర ఒక్కసారిగా కుప్పకూలింది. ఒకే వస్తువు, ఒకే కొనుగోలుదారు మీద బతుకు ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కథ అక్కడితో ఆగలేదు. అదే ఏడాది నవంబరులో ఆ కంపెనీని సుమారు 35.7 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఇంకో సంస్థ ప్రకటించింది. ఆ సంస్థ పేరు ఈమధ్య మీరు రోజూ వింటున్నదే... ఎన్విడియా! ఐపాడ్ ఆర్డర్ చేజారిన కంపెనీని ఎందుకు కొన్నట్టు? తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే చిప్ ఎలా చేయాలో వాళ్లకు తెలుసు కాబట్టి. ఎన్విడియా తర్వాత టెగ్రా పేరుతో మొబైల్ చిప్‌లు తెచ్చింది. 2009లో ఐపాడ్‌కి పోటీగా మైక్రోసాఫ్ట్ తెచ్చిన జూన్ హెచ్‌డీలో ఉన్నది టెగ్రానే. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ గేమింగ్ పరికరంలోనూ టెగ్రానే.

ఐపాడ్ మాత్రం మిగల్లేదు. 2007లో ఐఫోన్ వచ్చింది. పాటలు ఫోన్‌లోకి మారాయి. 2022 మేలో యాపిల్ చివరి ఐపాడ్ టచ్‌కీ వీడ్కోలు చెప్పింది. వస్తువు వెళ్లిపోయింది, ప్రశ్న మిగిలింది. డేటాని దూరం నుంచి తెచ్చుకోవడం ఖరీదు. కావాల్సినంత ఒకేసారి తెచ్చి దగ్గర పెట్టుకుంటే చవక. వీడియో బఫర్ అవుతున్నప్పుడు మీ ఫోన్ చేసేది ఇదే. ఏఐ చిప్‌లు చేసేవాళ్ల పెద్ద తలనొప్పుల్లో ఒకటి కూడా ఇదే. లెక్కలు చేయడం కంటే, లెక్కకు కావాల్సిన డేటాని మెమరీ నుంచి చిప్‌లోకి తేవడానికే ఎక్కువ సమయం, ఎక్కువ కరెంటు పోతుంటాయి. ఐపాడ్ లోపలి ఆ చిన్న ఉపాయం అర్థమైనవాడికి ఈ తలనొప్పి కొత్తగా అనిపించదు.

పేరు పట్టుకున్నవాళ్లు

నాణేనికి ఇంకో వైపు చూద్దాం. ఆ రోజుల్లో మనందరి చేతుల్లో ఉన్నది నోకియా. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని పెద్దన్నల్లాంటి స్మార్ట్‌ఫోన్లలో సింబియన్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఇంటర్వ్యూలో దెబ్బతిన్నాక నేనేం చేశానో తెలుసా? లోపలి సంగతి నేర్చుకోవడం మానేసి, ‘సింబియన్‌కి మంచి డిమాండ్ ఉందట’ అని ఎవరో అంటే వెళ్లి ఆ కోర్సులో చేరాను. రెజ్యూమెలో ‘సింబియన్ డెవలపర్’ అని బోల్డ్‌లో వేసుకున్నాను. 2011 ఫిబ్రవరిలో నోకియా తన స్మార్ట్‌ఫోన్లకి ఇక విండోస్ ఫోనే అని ప్రకటించింది. నా రెజ్యూమెలో బోల్డ్ అక్షరాలు ఒక్క రోజులో పాతబడిపోయాయి.

నాతో పాటే ఆ ఎంపీ3 ప్రాజెక్టుకి పదిహేను వందలు ఇచ్చిన మా రూమ్మేట్ సంగతి వేరు. హాస్టల్లో ఎవరి ఫోన్ చెడిపోయినా వాడే విప్పేవాడు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లి, రిపేరు షాపుల వాళ్ల పక్కన గంటలు గంటలు కూర్చునేవాడు. ‘వీడు బీటెక్ చదివి సెల్ రిపేర్లు చేసుకుంటాడ్రా’ అని మేం ఏడిపించేవాళ్లం. ఫోన్ ఎందుకు వేడెక్కుతోంది, చార్జింగ్ ఎక్కడ ఆగిపోతోంది, ఉబ్బిన బ్యాటరీ ఎందుకు ప్రమాదం... ఇవే వాడి ధ్యాస. ఇప్పుడు ఒక ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీలో బ్యాటరీ టెస్టింగ్ చూస్తున్నాడు. వాడు నేర్చుకున్న ఫోన్ మోడల్ ఒక్కటి కూడా ఈరోజు మార్కెట్లో లేదు. వాడి పనికి మాత్రం లోటు రాలేదు.

‘కానీ సార్...’

ఇక్కడ మీరు అడగబోయేది నాకు తెలుసు. ‘నోటిఫికేషన్లలో, జాబ్ పోర్టళ్లలో టూల్ పేర్లే అడుగుతున్నారు కదా సార్. పేరు లేకపోతే రెజ్యూమె ముందుకే పోదు’ అని. నిజమే. కాదనను. తలుపు తెరిపించుకోవడానికి టూల్ పేరు కావాలి. లోపల కూర్చోబెట్టి నిలబెట్టేది మాత్రం అది కాదు. కాబట్టి టూల్ మానేయమనడం లేదు. టూల్‌కి పెట్టే టైములో కనీసం మూడో వంతు, ఆ టూల్ కింద ఏముందో తెలుసుకోవడానికి పెట్టమంటున్నాను.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. ‘అన్నీ అర్థం చేసుకున్నా కంపెనీ మూతపడితే?’ దీనికి తేలిక జవాబు లేదు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలైంది. వేలమంది యువతీ యువకులు అక్కడ పనిచేశారు. 2014 నవంబరు 1న అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. సంస్థ చేతులు మారడం, పన్నుల వివాదం... వీటిలో ఏదీ లైన్ మీద నిలబడి ఫోన్లు బిగించిన అమ్మాయి చేతిలో లేదు. ‘నువ్వు కొత్త స్కిల్ నేర్చుకోలేదు, అందుకే ఉద్యోగం పోయింది’ అని ఆమెకి చెప్పడం అన్యాయం. మార్పు వచ్చిన ప్రతిసారీ తప్పంతా ఉద్యోగి మీదకు నెట్టే ఉపన్యాసాలతో నాకూ విసుగే.

అయితే ఆ అనుభవం నుంచి ఒకటి గమనించొచ్చు. కొన్నేళ్లకు ఆ ప్రాంగణాన్నే ఫోన్ చార్జర్లు చేసే సాల్‌కాంప్ తీసుకుంది. 2015లో మన శ్రీసిటీలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. బోర్డు మీద పేరు మారుతుంది. టంకం సరిగ్గా పడిందా లేదా చూడటం, లోపం ఎక్కడ వచ్చిందో వెతకడం, లైన్ ఎందుకు ఆగిందో పట్టుకోవడం మారవు. ఐటీఐ, డిప్లొమా చేస్తున్నవాళ్లు ఏ కంపెనీలో చేరినా, ‘నా పని ఈ స్క్రూ బిగించడం’ అని ఆగిపోకుండా, ముందు స్టేషన్లో ఏం జరుగుతోంది, తర్వాతి స్టేషన్లో ఏం పరీక్షిస్తున్నారు అని అడిగి తెలుసుకోవాలి. అది ఎవరూ మీ దగ్గర్నుంచి లాక్కోలేరు.

ఇక కాలేజీల గురించి ఒక్క మాట. ప్రాజెక్టు కొనుక్కునే విద్యార్థిని తిట్టడం తేలిక. కొన్నదని తెలిసినా సంతకం పెట్టే వ్యవస్థ సంగతేంటి? ల్యాబ్‌లో పరికరం విప్పితే పాడైపోతుందని బీరువాలో పెట్టి తాళం వేసేచోట పిల్లలకి కుతూహలం ఎక్కడ్నుంచి వస్తుంది? పాడైన ఫోన్లు, ప్లేయర్లు, కెమెరాలు ప్రతి ఇంట్లో మూలుగుతున్నాయి. ఒక్కో సెక్షన్‌కి పది పాత పరికరాలు ఇచ్చి, ‘విప్పండి, ఏది దేనికో రాయండి’ అంటే ఖర్చేమీ కాదు. రెడీమేడ్ రిపోర్టు కంటే ఆ రెండు పేజీలే ఎక్కువ నేర్పుతాయి.

రేపటి నుంచి ఏం చేయొచ్చు?

మీ ఇంట్లో పాత ఎంపీ3 ప్లేయరో, డిజిటల్ కెమెరానో, కీప్యాడ్ ఫోనో తప్పకుండా ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. షాపువాళ్లకి ఇచ్చేయండి. లేకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇది ఎవరి ఏ ఇబ్బంది తీర్చింది? నోకియా 1100 చూడండి. టార్చి లైటు, దుమ్ము చొరబడని కీప్యాడ్, జారకుండా పక్కల పట్టు. కరెంటు పోయే ఊళ్లని, మట్టి రోడ్లని, చెమట పట్టే చేతుల్ని ఎవరో గమనించి ఉంటేనే అలాంటి ఫోన్ వస్తుంది. దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, బీఏ విద్యార్థి కూడా ఈ ప్రశ్నకు మంచి జవాబు రాయగలడు.

రెండు: ఇందులో ఏది కొరత, దాన్ని ఎలా దాటారు? ఐపాడ్‌లో కరెంటు కొరత. మీరు చేస్తున్న యాప్‌లో మెమరీ కావొచ్చు, నెట్ స్పీడు కావొచ్చు. కొరత ఏమిటో చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

మూడు: దీంతో ఎవరికి డబ్బెలా వచ్చింది, ఎందుకు ఆగిపోయింది? బీకాం, బీబీఏ వాళ్లూ... ఇది మీ కోసమే. 2003 ఏప్రిల్‌లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ తెరిచి ఒక్కో పాట 99 సెంట్లకు అమ్మింది. మొదట తన మ్యాక్ కంప్యూటర్లు వాడేవాళ్లకే అమ్మి, ఆ ఏడాది అక్టోబరులో విండోస్ వాడేవాళ్లకీ తలుపు తెరిచింది. ఎందుకు తెరిచింది? పోటీదారుడి కంప్యూటర్ వాడేవాడు కూడా తన గిరాకీయే అని ఎప్పుడు తేల్చుకుంది? ఆలోచించి ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు ఆ పేజీ పనికొస్తుంది.

ఆ తర్వాత రెజ్యూమె తీసి, టూల్ పేరు పక్కన దాంతో మీరు తీర్చిన ఇబ్బంది ఒక్క లైనులో రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే ఆ పేరు కొట్టేయండి. పద్నాలుగు నాలుగవుతాయేమో. పర్లేదు. ఆ నాలుగింటి మీద ఎవరేం అడిగినా మీరు బెదరరు.

ఇంతకీ ఆ అబ్బాయి ఏమయ్యాడంటారా? ‘సిలబస్ వదిలేయండి, ఆలోచించి చెప్పండి’ అని తెల్లకాగితం, పెన్ను ఇచ్చాను. మొదట స్క్రీన్ అన్నాడు. స్క్రీన్ ఆఫ్ చేసి వింటున్నారు అన్నాను. స్పీకర్ అన్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారు అన్నాను. కాసేపు ఏదో గీసుకున్నాడు. ‘పాట నెట్ నుంచి వస్తోంది కదా సార్, సిగ్నల్‌కి ఖర్చవుతుందేమో’ అన్నాడు. మరి తగ్గించాలంటే? ఈసారి ఎక్కువ టైము తీసుకున్నాడు. ‘కొంచెం కొంచెం కాకుండా పాట మొత్తం ఒకేసారి తెచ్చేసుకుని, తర్వాత నెట్‌ని పడుకోబెట్టొచ్చా సార్?’ అని అడిగాడు.

అతను ఐపాడ్‌ని ఎప్పుడూ చూసి ఉండడు. తర్వాతి రౌండుకి పంపమని రాశాను. ఆ పద్నాలుగు పేర్లలో ఒక్కదాన్ని కూడా చూసి కాదు.